ఎక్కడికని అడగని ఇల్లు

మైసూరు సీమలోని కాటన్‌పేటలో అత్తవారింటికి కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నేనొక తప్పు మాట అన్నాను. మా ఆయన చెప్పులు వేసుకుని గడప దాటుతుంటే, వంటింట్లోంచి "ఎక్కడికి?" అని అడిగాను. ఆయన ఆగిపోయారు. చెప్పులు విప్పి, లోపలికి వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరారు. ఆయన వీధి మలుపు తిరిగాక మా అత్త నా పక్కన వచ్చి నిలబడింది.

"మీ వర్తూరులో అడుగుతారేమో. ఈ ఇంట్లో అడగరు. పోయేవాణ్ణి యాడికి అంటే పోయిన పని కాదు. తెలుసుకోవాలంటే వచ్చినాక అడుగు," అంది.

ఈ పట్టింపు చాలా ఇళ్ళలో ఉంటుంది. మా ఇంట్లో మరీ ఎక్కువ. ఎక్కడికి అనకూడదు, ఎప్పుడొస్తావు అనకూడదు, వెనక నుంచి పిలవకూడదు, మనిషి వెళ్ళిన వెంటనే చీపురు పట్టకూడదు. వెళ్ళేవాళ్ళు "వస్తాను" అంటారు. ఉన్నవాళ్ళు "మంచిది" అంటారు. అంతకు మించి ఒక్క మాట ఉండదు. బజారుకు కూరగాయలకు వెళ్ళినా అంతే, తిరుపతికి వెళ్ళినా అంతే. కొన్నాళ్ళకు నాకూ అలవాటైంది. నిజం చెప్పాలంటే, ఆ రెండు మాటలు మాత్రమే చెప్పుకుని విడిపోవడంలో ఒక నెమ్మది ఉందని కూడా అనిపించేది. అంతా దేవుడి చేతిలో పెట్టి ఊరుకున్నట్టు.

మా ఆయన నూలు మండీలో గుమాస్తా. పగలంతా మండీ, శనివారం సాయంత్రం భజన. మా వీధి చివర పత్తి బేళ్ళు పెట్టే కొట్టు ఒకటుండేది. దాని మేడ మీద మా భజన గోష్ఠి మందిరం. రాములవారి పటం, పక్కన హనుమంతుడు, గోడకు చాపలు. పాటకు కూర్చుంటే కింద నుంచి పత్తి వాసన వచ్చేది. ఇప్పటికీ నాకు రామనామం వినగానే ముందు ఆ వాసనే గుర్తుకు వస్తుంది.

మా ఆయన గొంతు అంత గొప్పది కాదు. ఆయన చేతిలో చిడతలు పలికేవి. టేకు చెక్క చిడతలు, వాళ్ళ నాన్న వాడినవి. ఒకసారి భజన మధ్యలో ఒక వైపు కంచు బిళ్ళ ఊడి ఎక్కడో పడిపోయింది. దొరకలేదు. కొత్తవి కొనుక్కోమంటే ఒప్పుకోలేదు. నా కాలి పట్టీ నుంచి ఒక వెండి మువ్వ తీసి ఇచ్చాను. దాన్ని ఆ సందులో బిగించుకున్నారు. అప్పటి నుంచి ఆ చిడతలు ఒక వైపు కంచులా మోగేవి, ఇంకో వైపు సన్నగా, ఆడపిల్ల నడిచినట్టు. గోష్ఠిలో అందరూ ఎగతాళి చేసేవారు.

"ఏమన్నా, రాముడి పక్కన సీతమ్మను కూడా కూర్చోపెట్టినావే," అనేవాడు మా మరిది.

మరిది అంటే మా ఆయన చిన్నాయన కొడుకు. గోష్ఠిలో హార్మోనియం వాయించేవాడు. నోరు ఊరికే ఉండని మనిషి.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో యాత్రలు లేవు. రైళ్ళ నిండా సైనికులు. సెలవులు వస్తే మాకున్న ఊరు వర్తూరే, మా పుట్టిల్లు. జట్కాలో పొద్దున బయలుదేరితే ఎండ ముదిరే వేళకు చెరువు కట్ట కనిపించేది. మా నాన్న సాయంత్రాలు అరుగు మీద కూర్చుని రామాయణం చదివి అర్థం చెప్పేవారు. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆ పుస్తకంలోనే. మా ఆయనకు సుందరకాండ అంటే ప్రాణం. అందులోనూ హనుమంతుడు చెట్టు కొమ్మ మీద కూర్చుని సీతమ్మను మొదటిసారి చూసే ఘట్టం. ఎన్నిసార్లు విన్నా కళ్ళు తుడుచుకునేవారు.

"ఆ చోటు ఇప్పుడూ ఉండాదా మామా?" అని అడిగారొకసారి.

"ఉండాదంటారు నాయనా. సముద్రం అవతల, కొండల్లో. అక్కడ తోటల్లో పనిచేసే అరవవాళ్ళు దీపం పెడతారంట."

ఆయన చెరువు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు నాకు గుర్తుంది.

యుద్ధం ముగిసింది. మా గోష్ఠి పెద్దాయన రామేశ్వరం యాత్ర అన్నారు. మండీ యజమాని సెలవు ఇచ్చాడు. పెళ్ళయిన తర్వాత ఆయన ముఖం అంత వెలగడం నేను చూడలేదు. ఆడవాళ్ళను తీసుకుపోవడం లేదు. రైళ్ళు ఇంకా కుదుటపడలేదన్నారు. నాకు తీర్థం తెస్తానన్నారు.

ప్రయాణం దగ్గర పడుతుండగా మా మరిది ఇంటికి వచ్చాడు. చంకలో హార్మోనియం బదులు తోలుసంచీ ఉంది. కొత్తగా ఒక బీమా కంపెనీకి ఏజెంటుగా చేరాడు.

"పెద్దమ్మా, అన్న ప్రయాణానికి ఇన్షూరు చేయించుకోండి. దారిలో జబ్బు చేసినా, రైలు పడినా కంపెనీ చూసుకుంటుంది," అని మా అత్త ముందు కూర్చుని ఒక కాగితం తీశాడు. "నాలుగు మాటలు చెప్తే చాలు, నేనే రాసుకుంటా. అన్నా, యాడికి పోతాండావు?"

అత్త విస్తరాకులు కుడుతోంది. పుల్ల చేతిలోనే ఆగిపోయింది.

"ఏ దారిలో పోతాండావు? ఎప్పటికి తిరిగొస్తావు? దారిలో నీకు ఏమన్నా అయితే ఎవరికి కబురు చేయాల?"

"లేయిరా," అంది అత్త.

"పెద్దమ్మా, ఇది సుమ్నే, ఊరికే రాసుకునే కాగితం..."

"లే ముందు. అడగకూడని మాటలన్నీ ఏరి ఏరి రాసినాడు ఎవరో, వాడి చేతులు పడిపోను. నా కొడుకు గడప దాటకముందే 'ఏమన్నా అయితే' అంటావా? మజ్జిగ తాగి ఇంటికి పో."

మా ఆయనకు నవ్వు ఆగలేదు. "ఒరే, నీ కంపెనీ కంటే పెద్ద కంపెనీ నాకుండాది కదరా. మేడ మీద పటంలో కూర్చోనుండాడు చూడు, ఆయనే."

మరిది మజ్జిగ తాగుతూ అన్నాడు, "ఆయన మాట నేను కాదన్లేదన్నా. హనుమంతుడు రాముడి బంటు కదా? రామనామమే చాలు కదా? మరి ఉంగరం ఎందుకిచ్చి పంపినాడు? కొత్త చోటికి పోయినప్పుడు వీడు ఫలానావాడు, ఫలానా ఇంటినుంచి వచ్చినాడు అని తెలియాల్నని. ఈ కాగితం కూడా అంతే. సీతమ్మ కూడా తిరుగు కబురుతో చూడామణి ఇచ్చింది."

ఆ మాటకు మా ఆయన నవ్వు ఆపి కాసేపు వాడి వైపు చూశారు. అత్త మాత్రం లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కాగితం తోలుసంచీలోకి తిరిగి పోయింది.

బయలుదేరిన రోజు పొద్దున జట్కా వచ్చి ఆగింది. మెడలో తులసి మాల, భుజాన సంచీ, సంచీలోంచి చిడతల కొసలు కనబడుతున్నాయి. ఆయన "వస్తాను" అన్నారు. అత్త "మంచిది" అంది. నేను తలుపు పక్కన నిలబడి చూశాను. జట్కా కదిలితే సంచీలో నా మువ్వ ఒకసారి మోగింది.

గోష్ఠివాళ్ళంతా తిరిగి వచ్చారు. ఆయన రాలేదు.

పెద్దాయన మా అరుగు మీద కూర్చుని చెప్పారు. రామేశ్వరంలో దర్శనాలన్నీ బాగా జరిగాయి. ధనుష్కోడిలో సముద్రస్నానం చేశాక, ఆయన నీళ్ళలోనే చాలాసేపు నిలబడ్డారట. అక్కడ సింహళం తోటలకు తిరిగి పోతున్న కూలీ కుటుంబాలు కొన్ని పడవ కోసం కాచుకుని ఉన్నాయి. ఆయన వాళ్ళతో మాటలు కలిపారు. వచ్చి రాని అరవం ఆయనది. తర్వాత వచ్చి, సీతమ్మను చూసి వస్తానని, మీరు ముందు పొండి అని చెప్పారట.

"ఏ ఊరికి?" అంది అత్త. ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదటిసారి. అయితే వెళ్ళేవాణ్ణి కాదు కదా అడిగింది.

పెద్దాయన తల వంచుకున్నారు. "పడవ ఎక్కేవాడిని యాడికని ఎట్లా అడిగేది తల్లీ? మంచిది అన్నాం."

పెద్దాయన చేసినదాంట్లో తప్పు లేదు. అక్కడ నేనున్నా అదే అనేదాన్ని. మేమందరం ఒకే రకంగా పెరిగినవాళ్ళం.

మొదట్లో ఇవాళ వస్తారు, రేపు వస్తారు అనుకున్నాం. జట్కా చప్పుడైతే అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా పనిలో ఉన్నట్టు నటించేవాళ్ళం. వారాలు నెలలయ్యాయి. మండీ యజమాని ఇంకొకరిని పెట్టుకున్నాడు. మరిది తన కంపెనీవాళ్ళ ద్వారా కొలంబోకు కబురు చేయించాడు. బీమా లేని మనిషి కోసం అడగడానికి వాడికి హక్కు లేదు, అయినా బతిమాలాడు. అవతల నుంచి ఒకటే ప్రశ్న తిరిగి వచ్చింది: సింహళంలో ఎక్కడికి వెళ్ళాడు? సీతమ్మ చోటంటే మాకు తెలియదు, కొండలు చాలా ఉన్నాయి, తోటలు చాలా ఉన్నాయి, మనిషి ఎక్కడికి బయలుదేరాడో చెబితే వెతకగలం.

వాడు వచ్చి ఆ ప్రశ్న మాకు చెప్పి, ఒక మూల కూర్చున్నాడు. "నేను చెప్తినే" అని వాడు అనలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ అనలేదు.

నా కష్టం ఇంకోటుంది. దాన్ని ఎలా రాయాలో తెలియడం లేదు. నేను ఏమిటో ఎవరికీ తెలియదు. నుదుట కుంకుమ పెట్టుకునేటప్పుడు వేలు ఆగేది. ఆయన ఉంటే, పెట్టుకోకపోవడం పాపం. లేకపోతే, పెట్టుకోవడం పాపం. శ్రావణ శుక్రవారం గోష్ఠి ఆడవాళ్ళు తాంబూలాలు ఇచ్చుకుంటుంటే ఒకామె నా దగ్గరకొచ్చి పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. ఇవ్వాలా, దాటిపోవాలా తెలియక పాపం ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నాకు ఆమె మీదే జాలేసింది. మా అత్త వెనక నుంచి, "ఇయ్యమ్మా. కబురు వచ్చేదంకా అది ముత్తైదువే. దేవుడు చెప్పలేదు, నువ్వెందుకు చెప్తావు?" అంది. ఆమె ఇచ్చింది. నేను తీసుకున్నాను.

ఆ రోజుల్లో రాముణ్ణి నేను ఒక్కటే అడిగాను. ఆయనను తిరిగి ఇవ్వమని అడగడం మానేశాను, ఏదో ఒకటి తెలియజెయ్యమన్నాను. అశోకవనంలో సీతమ్మ కోరింది కూడా ముందు అదే కదా, కబురు.

ఏడాది తిరిగింది. ఒక శనివారం సాయంత్రం మందిరానికి ఎవరో కొత్త ముసలాయన వచ్చాడు. కోలారు వైపు మనిషి. మగవాళ్ళ వెనక కూర్చుని భజన మొత్తం విన్నాడు. హారతి అయ్యాక లేచి, సంచీలోంచి గుడ్డలో చుట్టిన వస్తువొకటి తీశాడు.

"అప్పా, ఇవి ఎవరివో మీకేమన్నా తెలుసునా? రామేశ్వరం సత్రంలో ఒకామె చేతిలో పెట్టింది. దారిలో భజన కనబడిన చోటల్లా అడుగుతా వస్తాండా."

అని గుడ్డ విప్పకముందే చెయ్యి కొంచెం కదిలింది. ఒక వైపు కంచు మోగింది. ఇంకో వైపు సన్నగా, ఆడపిల్ల నడిచినట్టు.

నా పక్కన కూర్చున్న అత్త నా మణికట్టు పట్టుకుంది. హార్మోనియం ముందు కూర్చున్న మా మరిది రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఎవరివో చెప్పమని ఆ ముసలాయన ఇంకోసారి అడగాల్సిన అవసరం రాలేదు.

ముసలాయన చెప్పింది ఇంత. సింహళం కొండల్లో ఒక తేయాకు తోట. దగ్గరలో వాగు, వాగు ఒడ్డున సీతమ్మ చోటు. సముద్రం ఇవతలి నుంచి ఒక మనిషి వచ్చి, పొద్దున నుంచి సాయంత్రం దాకా అక్కడ చిడతలు వాయిస్తూ పాడాడు. వాన పడినా లేవలేదు. రాత్రికి జ్వరం. కూలీల ఇళ్ళలో ఒక అరవ ముసలమ్మ తన గుడిసెలో పడుకోబెట్టి కషాయాలు కాచి పోసింది. తోట వైద్యుడు వచ్చి పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలన్నాడు. బండి ఎవరు కట్టాలి, ఎవరి పూచీ మీద, మనిషి ఎవరివాడు అంటే జవాబు లేదు. జ్వరంలో ఆ మనిషి చాలా చెప్పాడట. అంతా తెలుగే. వాళ్ళకు అర్థమైంది రామ అన్న మాట ఒక్కటే. పోయాక ఆ వాగు ఒడ్డునే దహనం చేశారు. ముసలమ్మ కొడుకు తలకొరివి పెట్టాడు. ఎవరికి చెప్పాలో తెలియక, ఇటు వచ్చే యాత్రికుల చేతికి ఆ చిడతలిచ్చి, తెలుగు పాట పాడేవాళ్ళు కనబడితే ఇవ్వమంది. అలా చేతులు మారుతూ మారుతూ మా మేడ ఎక్కాయి.

గాజులు తీయించడానికి వీధిలో పెద్దవాళ్ళు వస్తామన్నారు. అత్త వద్దంది. తలుపు వేసి, నా చేతులకు నూనె రాసి, ఒక్కటి కూడా పగలకుండా తానే తీసింది.

పోయిన తిథి తెలియదు కనుక, విన్న రోజునే లెక్కగా పెట్టుకుని కర్మ చేయమన్నారు పురోహితులు. మా మరిదే చేశాడు. పీటల మీద కూర్చుని సంకల్పం చెబుతున్నాడు. ఏ ద్వీపంలో, ఏ వర్షంలో, మేరువుకు ఏ దిక్కున, ఏ నదుల మధ్య, ఏ గోత్రం, ఏ పేరు. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటలే. ఆ రోజు మాత్రం ఒక్కొక్కటి నాకు గుచ్చుకుంది. సమస్తం తెలిసిన దేవుడికి కూడా మనం ఎక్కడున్నామో, ఎవరమో ముందు చెప్పుకుని గాని ఒక దీపం వెలిగించం. నీళ్ళు చేతిలో పోసుకుని ఇన్ని చెబుతాం. ఇంట్లో మనిషికి మాత్రం చెప్పం, అడగం.

పిండం పెట్టే సమయానికి అత్త లేచి వచ్చింది. ఆడవాళ్ళు అలా రారు. ఎవరూ ఆపలేదు. ఆ అన్నపు ముద్ద ముందు వంగి, మామూలు గొంతుతో, బజారుకు పోయేవాణ్ణి అడిగినట్టు, "యాడికి పోయినావురా?" అని అడిగింది.

జవాబు వస్తుందన్నట్టు కాసేపు అలాగే ఉంది. తర్వాత నేనే పట్టుకుని తీసుకువచ్చాను.

బీమా కాగితం ఉంటే ఆయన బతికేవారని నేను చెప్పను. ఆయుష్షు రాముడి చేతిలోది, అందులో నాకు సందేహం లేదు. ఆ కొండల్లో ముక్కూ ముఖం తెలియని తల్లి చేత గొంతులో కషాయం పోయించింది కూడా రాముడే. అయినా ఆ కాగితం ఉంటే, తోట వైద్యుడు బండి కట్టించడానికి ఒకరి పూచీ ఉండేది. కొలంబో నుంచి ఒక మనిషి బయలుదేరేవాడు. మా తలుపు ఎవరో ఒకరు తట్టేవారు. నేను ఆయన పక్కన ఉండగలిగేదాన్నో లేదో గాని, ఏడాది పాటు రెండు పాపాల మధ్య కుంకుమ పెట్టుకునేదాన్ని కాదు. తర్వాత మా ఇల్లు గడిచింది గోష్ఠివాళ్ళు పంపిన బియ్యంతో, నేను ఆడవాళ్ళకు రామాయణం చదివి చెప్పిన సాయంత్రాలతో. కృతజ్ఞత లేక కాదు, కానీ పంపేవాళ్ళ ఇళ్ళలో కూడా అంతంతమాత్రమే అని నాకు తెలుసు.

ఇంకో ఏడు గోష్ఠి మళ్ళీ యాత్రకు బయలుదేరింది. అత్త మా మరిదికి కబురు పెట్టింది.

"ఆ సంచీ తీసుకుని మందిరానికి రా. నువ్వు రాయి. నేను అడుగుతా."

మేడ మెట్ల దగ్గర పీట వేసుకుని కూర్చుంది. వచ్చిన ప్రతివాణ్ణీ ఆపింది. యాడికప్పా? ఏ దారిలో? ఎప్పటికి వస్తావు? ఏమన్నా అయితే ఎవరికి చెప్పాల? ఒక వయసు మళ్ళినాయన నొచ్చుకున్నాడు.

"ఏంది తల్లీ, నువ్వే ఇట్లా అడుగుతాండావు? అపశకునం కదా."

"సంకల్పంలో దేవుడికి ఊరూ పేరూ చెప్తాండావు కదా, ఆయనకు తెలీకనా? నాకూ చెప్పు. నేను ముసలిదాన్ని, నాకు చెప్తే ఏం పోదు."

ఆయన చెప్పాడు. మరిది రాసుకున్నాడు. వెనక నిలబడ్డవాళ్ళంతా వరసగా చెప్పారు.

ఆ తర్వాత ఎప్పుడో, మా నాన్నకు నలతగా ఉందని తెలిసి వర్తూరుకు బయలుదేరాను. జట్కా వచ్చింది. చెంగు కప్పుకుని గడప దాటి, ఎప్పటిలాగే "వస్తాను అత్తా" అన్నాను. "మంచిది" వస్తుందని ఆగాను.

"యాడికే?" అంది అత్త లోపలి నుంచి.

నేను వెనక్కి తిరిగి, చెప్పులు విప్పకుండానే, గడప మీద నిలబడి చెప్పాను. వర్తూరుకు, నాన్నను చూడటానికి, చెరువు కట్ట దారిలో, రేపు దీపాలు పెట్టే వేళకు వస్తాను అని.

ఆమె గోడకు తగిలించిన చిడతల వైపు చూస్తూ అంతా వింది. తర్వాత మంచిది అంది.